అన్నయ్య మరుపు మీద బేరం

మా బట్టల కొట్లో పనులు పంచుకున్నాం. జ్ఞాపకం అన్నయ్యది, బేరం నాది. నాన్న గల్లాపెట్టె వెనక సీట్లో కూర్చుని మా ఇద్దరినీ అనుమానంగా చూసేవాడు. అది ఆయన పని.

అన్నయ్య జ్ఞాపకం గురించి బ్రాడీపేటలో చెప్పుకునేవాళ్లు. గుమ్మంలో ఒకావిడ చెప్పులు విడుస్తుండగానే, "రండక్కయ్యా, పెద్దమ్మాయికి తీసిన ఆ చిలకాకుపచ్చ చీర వెలిసిందా?" అనేవాడు. ఆ చీర కొని ఆరేళ్లయి ఉండేది. నిజానికి ఆవిడ పక్క కొట్టుకి వెళ్తూ ఎండకి మా గుమ్మంలో ఆగిన మనిషి. అయినా లోపలికి వచ్చి కూర్చునేది. ఇంట్లోవాళ్లే మరిచిపోయిన చీర పరాయివాడికి గుర్తుంటే ఎవరు మాత్రం లేచిపోతారు? ఆవిడ కూర్చున్నాక మిగతా పని నేను చూసుకునేవాణ్ని.

బేరంలో నాకు కొంచెం చెడ్డపేరుంది. పోస్టాఫీసులో స్టాంపులకి కూడా బేరమాడానని మా వదిన ఇప్పటికీ చెప్తుంది. అది అబద్ధం. పది తీసుకుంటే ఒక కవరు ఊరికే ఇస్తారా అని అడిగానంతే.

నాన్న మాకు నేర్పిన మొదటి విద్య చీర మడవడం. మగ్గం మీంచి దిగిన చీరలో ఎక్కడో ఒకచోట పోగు తెగి ఉంటుంది. ఆ చోటు లోపలికి వచ్చేట్టు మడవాలి. "అబద్ధం చెప్పకండ్రా. అడిగితే విప్పి చూపించండి. అడక్కపోతే అది మన తప్పు కాదు" అనేవాడు. ఆ ఒక్క విద్యతో మా కుటుంబం మూడు తరాలు భోంచేసింది. నేను డాక్టరు దగ్గర కూడా దాన్నే వాడాను. చెప్పుకోవాల్సింది అదే.

ఎనభైల నడిమి మాట. మిర్చి కోతల కాలంలో అన్నయ్య చీరాల వెళ్లి, నేతవాళ్ల దగ్గర సరుకు తీసుకుని, మూట స్కూటరుకి కట్టుకుని పర్చూరు మీదుగా వస్తున్నాడు. ఆ రోజుల్లో కల్లాల్లో చోటు చాలక తారురోడ్డు మీదే మిరపకాయలు ఆరబోసేవాళ్లు. ఒక మలుపు తిరగ్గానే అన్నయ్యకి తన వైపు రోడ్డంతా ఎర్రగా కనపడింది. తిన్నగా పోతే కాయల మీంచి పోవాలి. బస్సులూ లారీలూ అలాగే పోయేవి. కానీ సరుకు మీద బండి ఎక్కించడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. హ్యాండిల్ కుడివైపుకి తిప్పాడు. కుడివైపు తూము గోడ ఉంది.

తల పగిలింది. చీరల మూటకి ఏమీ కాలేదు. మూటకేమైనా అయిందా అని ఆసుపత్రిలో మొదట అడిగింది నాన్న. రెండోసారి అడిగింది స్పృహ వచ్చాక అన్నయ్య. మూడోసారి, నాలుగోసారి, పదోసారి కూడా అన్నయ్యే.

"మూటకేం కాలేదన్నయ్యా. భద్రంగా ఉంది."

"హమ్మయ్య" అని కళ్లు మూసుకునేవాడు. కాసేపటికి కళ్లు తెరిచి, "ఒరేయ్, మూట?" అనేవాడు.

దెబ్బ తగిలినవాళ్లు కొన్నాళ్లు అలాగే ఉంటారని అందరూ అన్నారు. కుట్లు విప్పారు, జుట్టు మొలిచింది, అన్నయ్య ఇంటికొచ్చాడు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా సంతోషంగా వెళ్లారు. వచ్చిన ప్రతివాళ్లకీ పాత సంగతులు తుచ తప్పకుండా చెప్పాడు మరి. "మనిషి చెక్కు చెదర్లేదు" అని వీధిలో తీర్మానం జరిగిపోయింది. ఎనిమిదేళ్ల కిందటి చీర అంచు రంగు చెప్పే మనిషి, గంట కిందట తిన్నది ఇడ్లీయో ఉప్మాయో చెప్పలేడన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఇడ్లీ గురించి ఎవరూ అడగలేదు.

ఆ ఏడు శ్రావణమాసం నుంచి గల్లా సీటు అన్నయ్యకి అప్పగించాలని నాన్న ఎప్పుడో అనుకున్నాడు. ఇప్పుడు ఒక మాట చేర్చాడు: "డాక్టరు బాగున్నాడని రాసిస్తే పెద్దాడు కూర్చుంటాడు. లేదంటే చిన్నాడు."

నాకు ఆ సీటు మీద ఆశ లేదని చెప్తే ఎవరూ నమ్మరు. నేనూ నమ్మను. కానీ అన్నయ్యకి ఆ సీటు తప్ప వేరే లోకం లేదు. పద్నాలుగో ఏట కొట్లోకి వచ్చినప్పటి నుంచి దానికి మూడడుగుల దూరంలో నిలబడే పని చేశాడు. "నేను కాకపోతే ఎవడు కూర్చుంటాడ్రా? నువ్వా? నీకు ఒక్క మనిషి మొహం గుర్తుండదు" అనేవాడు. రోజుకి నాలుగుసార్లు అనేవాడు. నాలుగుసార్లూ నిజమే.

పైగా వీధి ఒకటి ఉంది. అన్నయ్యకి మరుపు అని నేను నోరు తెరిస్తే, తమ్ముడు అన్న సీటుకి ఎసరు పెట్టాడంటారు. పక్క కొట్టాయన అప్పటికే నన్ను చూసి ఒకసారి, "ఏంటబ్బాయ్, ఈమధ్య ఇస్త్రీ చొక్కాలేస్తున్నావ్?" అన్నాడు. ఆ చొక్కా రెండేళ్ల నాటిది.

తలకి కుట్లు వేసిన డాక్టరు మమ్మల్ని ఆసుపత్రి వెనక వరసలో ఒక గదికి పంపాడు. అందులో ఒకావిడ ఉండేది. మందులిచ్చే డాక్టరు కాదు, మనసు గురించి చదువుకున్న మనిషి. "నేను డాక్టర్ని కాదండీ" అని రెండుసార్లు చెప్పి చూసి, జనం వినకపోయేసరికి ఊరుకుందట. ఆవిడ తల్లి మిషనరీ బడిలో టీచరు. ఆ పోలిక బాగా వచ్చింది. ఆవిడ కళ్లజోడు లోంచి చూస్తే నాకు ఇరవయ్యారేళ్ల వయసులో కూడా ఎక్కాలు అప్పజెప్పబోతున్నట్టు ఉండేది.

"మీరు బయట కూర్చోండి" అంది నాతో.

"లోపల తలుపు దగ్గర కూర్చుంటానండి."

"పరీక్ష ఆయనకి."

"పోనీ మాట్లాడకుండా కూర్చుంటానండి."

"గోడ వైపు తిరిగి కూర్చుంటారా?"

"సగం తిరుగుతానండి" అన్నాను. బేరం అక్కడ తెగింది.

పరీక్ష అంటే సూదులో మిషన్లో ఉంటాయనుకున్నాను. ఏమీ లేవు. ఆవిడ అన్నయ్య జేబులోంచి దువ్వెన అడిగి తీసుకుని, ఆయన చూస్తుండగానే కిటికీ కింద చెక్క పెట్టెలో పెట్టింది. "మన పని అయిపోయిందని నేను చెప్పగానే మీ దువ్వెన ఎక్కడుందో చెప్పి అడగాలి" అంది. బల్ల మీద అలారం గడియారం పెట్టింది. "ఇది మోగగానే, మళ్లీ ఎప్పుడు రావాలని మీరు నన్ను అడగాలి" అంది. ఎవరివో ఫొటోలు చూపించి వాళ్ల పేర్లు చెప్పింది. వానకి పత్తి తడిసిపోయిన ఒక రైతు కథ చదివి తిరిగి చెప్పమంది. కుర్చీ నుంచి కిటికీకి, కిటికీ నుంచి తలుపుకి, తలుపు నుంచి బల్లకి తను నడిచి, దారిలో కిటికీ దగ్గర ఒక కవరు పెట్టి, తర్వాత దాన్ని అన్నయ్య చేతికిచ్చి, "ఇప్పుడు మీరు ఇలాగే చేయండి" అంది.

నాకు నవ్వొచ్చింది. ఇంత చదువుకున్న మనిషి దువ్వెన దాచే ఆట ఆడుతోంది. అన్నయ్య లేచి కిటికీ దాకా బాగానే నడిచాడు. అక్కడ ఆగి బయటికి చూసి, "మేడమ్‌గారూ, ఈ కర్టెన్ బట్ట ఎక్కడ తీసుకున్నారు? మిమ్మల్ని మోసం చేశారండీ" అన్నాడు. కవరు చేతిలోనే ఉండిపోయింది. నాకు నవ్వు ఆగిపోయింది.

పత్తి రైతు కథలో ఆయనకి వాన ఒక్కటే మిగిలింది. తర్వాత ఆవిడ ఆ మాటా ఈ మాటా మాట్లాడుతుండగా అలారం మోగింది. అన్నయ్య గడియారం వైపు చూశాడు. మర్యాదగా, వేరే వాళ్ల ఇంట్లో పిల్లాడు ఏడుస్తుంటే చూసినట్టు చూశాడు. అడగాల్సిన మాట రావడం లేదు. నేను ఉండబట్టలేక దగ్గాను.

ఆ దగ్గు గురించి చెప్పాలి. కొట్లో మాకు కొన్ని సైగలున్నాయి. ముక్కు తుడుచుకుంటే ధర కొంచెం దించమని. మెడ రుద్దుకుంటే పైఅర సరుకు తియ్యమని. ఒక్క దగ్గు దగ్గితే మనిషి లేచిపోతోంది, ఏదో ఒకటి మాట్లాడి ఆపమని. పదేళ్లుగా అన్నయ్య ఆ దగ్గుకి కదలని రోజు లేదు. దెబ్బ తగిలినా ఆ పాత సరుకంతా లోపల అలాగే ఉంది.

అన్నయ్య టక్కున ఆవిడ వైపు తిరిగి, "అప్పుడే లేస్తారేంటమ్మా, కూర్చోండి కూర్చోండి. మీకు నప్పే రంగు ఇంకా తియ్యనే లేదు" అన్నాడు.

ఆవిడ లేవలేదు. కూర్చునే ఉంది. నా వైపు చూసింది.

"మీకు దగ్గుందా?"

"దుమ్మండి."

"బయట దుమ్ము తక్కువ" అంది.

అలా నేను వరండాలోకి వచ్చాను. పావుగంట తర్వాత అన్నయ్య జుట్టు సవరించుకుంటూ బయటికొచ్చి జేబు తడుముకుని, "ఒరేయ్, నా దువ్వెన కొట్టేశార్రా. ఆసుపత్రిలో కూడా దొంగలే" అన్నాడు.

ఆవిడ నన్ను మళ్లీ లోపలికి పిలిచి దువ్వెన నా చేతికిచ్చింది. "దెబ్బకి ముందువి ఆయనకి బాగా గుర్తున్నాయి. కొత్తది ఏదీ నిలబడ్డం లేదు. కానీ ఈ గదిలో ఒక గంట చూసి నేను తీర్పు చెప్పకూడదు. ఇంట్లో, బజార్లో, రోజువారీ పనుల్లో ఎలా ఉందన్నది ముఖ్యం" అంటూ టైపు చేసిన కాగితాలు రెండిచ్చింది. అడిగిందే మళ్లీ అడగడం, వస్తువు ఎక్కడ పెట్టాడో తెలియకపోవడం, చెప్పిన కథే చెప్పడం, చెయ్యమన్న పని మరిచిపోవడం, నిన్న చూసిన మనిషిని పోల్చుకోలేకపోవడం, తెలిసిన దారిలో తప్పిపోవడం. ఇలా ఒక వరస. ప్రతిరోజూ ఏది జరిగితే దాని పక్కన గీత గియ్యాలి. రెండు వారాలు.

"ఒకటి ఆయన నింపాలి, ఒకటి ఇంట్లోవాళ్లు. ఆయన దాంట్లో గీతలుండవు. మరిచిపోయానన్న సంగతి కూడా మరిచిపోతారు కదా. అందుకని నేను నమ్మేది ఇంట్లోవాళ్ల కాగితం. ఇంట్లో ఆయనతో ఎక్కువసేపు ఉండేదెవరు?"

"నేనేనండి" అన్నాను.

వదిన పేరు చెప్పాలని నాకు తోచలేదు. తోచినా చెప్పేవాణ్ని కాదు. సరుకు చూపించేటప్పుడు ఇంట్లో ఆడవాళ్లని మాట్లాడనిచ్చే అలవాటు మాకు లేదు.

రెండు వారాల పాటు నేను ఆ కాగితం దగ్గర చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అన్నయ్య పొద్దున్నే పేపరు చదివి మడిచిపెట్టి, పది నిమిషాలకి, "పేపరు రాలేదేంట్రా?" అనేవాడు. మళ్లీ చదివేవాడు, అవే చోట్ల అంతే ఆశ్చర్యపోతూ. ఇది అడిగిందే అడగడం కిందకి వస్తుందా? రాదనుకున్నాను. పేపరంటే ఇష్టం, అంతే. గొడుగు బియ్యం డబ్బాలో దొరికింది. వస్తువు పోవడం కిందకి వస్తుందా? దొరికింది కదా, రాదు. అరండల్‌పేట వెళ్లి వస్తానని బయల్దేరి కొత్తపేటలో తేలాడు. దారి తప్పడమా? అక్కడ మా మేనత్త ఉంది, చూడాలనిపించి ఉంటుంది. ఒక్కొక్క చిరుగునీ లోపలికి మడుస్తూ పోయాను. చివరికి కాగితం మీద మూడు గీతలు మిగిలాయి. బొత్తిగా లేకపోతే నమ్మరు కాబట్టి ఆ మూడూ నేనే ఉంచాను.

అన్నయ్య కాగితంలో ఒక్క గీత కూడా లేదు. కింద మాత్రం ముచ్చటైన చేతిరాతతో, "ఈ కాగితం ఎవరిదో మా ఇంట్లో ఉండిపోయింది" అని రాశాడు.

ఆవిడ రెండూ చూసింది. నా కాగితం మీద ఎక్కువసేపు ఆగింది.

"రెండు వారాల్లో మూడేనా? నాకే ఇంతకంటే ఎక్కువ ఉంటాయి."

"పోనీ అయిదు వేసుకోండి."

"ఇది బేరం కాదండీ."

"ఆరు. అంతకంటే ఎక్కువ లేవండి."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "చూడండి, మీరు తగ్గించి రాస్తే నాకేం నష్టం లేదు. నష్టపోయేది ఆయన" అంది. నేను అమాయకంగా మొహం పెట్టాను. ఆ మొహం నాకు బాగా వచ్చు, శ్రావణమాసంలో రోజంతా పెడతాను. చివరికి ఆవిడ ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసిచ్చింది: ఇంట్లోవాళ్లు చెప్పినదాన్ని బట్టి ఈయన కొట్లో కూర్చుని చూడవచ్చు, కానీ పక్కన ఎప్పుడూ ఒకరుండాలి, కొత్తగా జరిగేవన్నీ కాగితం మీద రాసి పెట్టాలి.

నాన్నకి ఇంగ్లీషు రాదు. నేనే చదివి వినిపించాను. "కొట్లో కూర్చోవచ్చు" దాకా చదివి ఉత్తరం మడిచేశాను.

అన్నయ్య సీట్లో కూర్చున్న మొదటి రోజు వదిన కొబ్బరికాయ పంపింది, తను రాలేదు. నాన్న వరండాలోకి మారాడు. మొదటి వారం మహా బాగా జరిగింది. పాత ఖాతాదార్లంతా అన్నయ్యని చూడ్డానికే వచ్చారు, ఊరికే పోలేక ఏదో ఒకటి కొన్నారు. ఒకావిడకి ఒకే చీర మూడుసార్లు విప్పి చూపించి మూడుసార్లూ ఒకే మాట అంటే, ఆవిడ అది వేళాకోళం అనుకుని నవ్వి ఆ చీరే తీసుకుంది. నా అంత తెలివైనవాడు బ్రాడీపేటలో లేడని ఆ రాత్రి అనుకున్నాను.

రెండో వారంలో సత్తెనపల్లి వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఆవిడా ఆవిడ భర్తా ఇరవయ్యేళ్లుగా మా దగ్గరే బట్టలు తీస్తారు. ఈసారి వెంట చెల్లెలు ఉంది. నేను లోపల పైఅర సర్దుతూ నిచ్చెన మీద ఉన్నాను. అన్నయ్య ఆవిణ్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"రండక్కయ్యా రండి. బావగారు కులాసాగా ఉన్నారా? రాలేదేం?"

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చెల్లెలు చెప్పింది: నెల దాటింది, నిద్రలోనే పోయాడు.

అన్నయ్య దుఃఖం నిజమైనది. సీటు దిగి వచ్చి ఆవిడ ఎదురుగా కింద కూర్చున్నాడు. బావగారు మొదటిసారి వచ్చినప్పుడు ఏ రంగు అంగవస్త్రం తీశారో, ఎంత మెత్తగా మాట్లాడేవారో, మజ్జిగలో ఉప్పు ఎక్కువైందని ఎలా నవ్వారో అన్నీ చెప్పాడు. ఆవిడకి ఆ మాటలు చల్లగా తగిలాయి. కళ్లు తుడుచుకుని, "నాకు రెండు లేతరంగు నేతచీరలు చూపించు నాయనా" అంది. అన్నయ్య లేచి అర దాకా వెళ్లాడు. చీరలు తీసుకుని ఇటు తిరిగాడు. ఆవిణ్ని చూశాడు. మొహం వెలిగింది.

"రండక్కయ్యా రండి. బావగారు కులాసాగా ఉన్నారా? రాలేదేం?"

నేను నిచ్చెన దిగేలోగా చెల్లెలు ఆవిణ్ని లేవదీసింది. అన్నయ్య వెనకే గుమ్మం దాకా వెళ్లి, "అదేంటక్కయ్యా, ఏమీ చూడకుండానే? బావగార్ని అడిగానని చెప్పండి" అన్నాడు. చెల్లెలు వెనక్కి తిరిగి, "నీకేమైనా మతి పోయిందా?" అంది. తిట్టుగా ఆ మాట అంది. ఆవిడ అడిగినదానికి నా జేబులో ఇంగ్లీషులో సమాధానం ఉంది.

అన్నయ్య నా వైపు తిరిగాడు. "ఏరా, నువ్వేమన్నా అన్నావా వాళ్లని?"

"లేదన్నయ్యా."

"నువ్వే ఏదో బేరం చెడగొట్టావు. మొహమే చెప్తోంది."

ఆ సాయంత్రం వంటింట్లో కూర్చుని జరిగింది వదినకి చెప్పాను, ఉత్తరంలో మడిచిన ముక్కతో సహా. వదిన పప్పు తాలింపు వేస్తూ అంతా విన్నది. తర్వాత అటక మీంచి ఒక పాత పచ్చడి జాడీ దించి నా ముందు పెట్టింది. మూత తీశాను. నిండా చింతపిక్కలు.

"ఏంటి వదినా ఇవి?"

"మీ అన్నయ్య అడిగిందే అడిగినప్పుడల్లా ఒకటి వేశాను."

"ఎప్పట్నుంచి?"

"ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచి. ఇది రెండో జాడీ."

పిక్కల మధ్య నల్లగా రెండు కుంకుడు గింజలు కనిపించాయి. అవేంటన్నాను. గ్యాసు తిప్పి అగ్గిపుల్ల మరిచిపోయిన రోజులంది. పిల్లలిద్దరూ వంటింట్లోనే ఉన్నారంది. మాటలో ఏ ఎత్తుపల్లమూ లేదు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగావా అబ్బాయ్? డాక్టరమ్మ కాగితం ఇచ్చిందంట, రెండు వారాలు పెన్ను చెవి మీద పెట్టుకుని ఇల్లంతా తిరిగావు. ఒక్కరోజు నా మొహం చూశావా? అడిగితే విప్పి చూపించేదాన్నిగా."

మా నాన్న విద్య వదిన కూడా నేర్చుకుందని అప్పుడే తెలిసింది.

మర్నాడు ముగ్గురం ఆసుపత్రికి వెళ్లాం. జాడీ వదిన ఒళ్లో ఉంది. బస్సులో ఎవరో పచ్చడి అమ్మకానికా అని అడిగారు. మనసు డాక్టరమ్మ అన్నయ్యని వరండాలో కూర్చోబెట్టి మా ఇద్దర్నీ లోపలికి పిలిచింది. నేను మడిచినవన్నీ విప్పాను: పేపరు, గొడుగు, కొత్తపేట, ఉత్తరం, నిన్నటి పెద్దావిడ. ఆవిడ తిడుతుందని చూశాను. తిడితే కొంత తేలికయ్యేది. ఆవిడ రాసుకుంటూ పోయింది. తర్వాత జాడీలో చెయ్యి పెట్టి గుప్పెడు పిక్కలు తీసి చూసింది.

"మంచి పని చేశారమ్మా. కాకపోతే వీటికి తేదీలు లేవు."

"ఆయనకీ లేవుగా డాక్టరమ్మా" అంది వదిన.

ఆవిడ ఆ ఒక్కసారే నవ్వింది. తర్వాత సూటిగా చెప్పింది. ఇన్ని నెలలయ్యాక ఇంకా ఇలా ఉందంటే, కొత్త జ్ఞాపకం మునుపటిలా తిరిగి వస్తుందని తను మాటివ్వలేదు. గ్యాసు ముట్టుకోనివ్వకూడదు. కొట్లో ఒంటరిగా వదలకూడదు. ఏది జరిగినా ఒక నోటుబుక్కులో రాయాలి, ఆయన చేతే రాయించాలి. "మీ రాత నమ్మరు. తన రాత నమ్ముతారు" అంది. సీటు గురించి నేనే అడిగాను. బాధ్యత మొత్తం ఆయన మీద పెట్టకూడదంది. "ఈ మాట ఆయనకి చెప్పాల్సింది మీరు. నేను కాదు."

నేను బేరమాడలేదు. వదిన ఆశ్చర్యంగా చూసింది.

చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. నోటుబుక్కు కొని, ఈసారి ఒక్క మడత లేకుండా జరిగినవన్నీ రాసి, మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు అన్నయ్య చేతిలో పెట్టాను. ఆయన మొదటి పేజీ నుంచి శ్రద్ధగా చదివాడు. పెద్దావిడ దగ్గరకి వచ్చేసరికి నోటితో చప్పుడు చేశాడు.

"పాపం. ఎవర్రా ఇతను?"

నేను గల్లాపెట్టె మీద దుమ్ము తుడిచాను.

"ఎవరైతేనేం. రాసినవాడికి మాత్రం వ్యాపారం రాదు. ఇన్ని చిరుగులు పైకి పెట్టి చూపిస్తారా ఎవరైనా?"

"రాసింది నేనే అన్నయ్యా. అతను నువ్వే."

అన్నయ్య నన్ను చూశాడు. పుస్తకాన్ని చూశాడు. వెనక్కి తిప్పి పెద్దావిడ పేజీ మళ్లీ చదివాడు. చేత్తో తల వెనక కుట్ల చోటు తడుముకున్నాడు.

"అక్కయ్యని రెండుసార్లు అడిగానా?"

"రెండుసార్లు."

"ఏడ్చిందా?"

"ఏడ్చింది."

పుస్తకం మూశాడు. తర్వాత గల్లాపెట్టె తాళం మొలతాడు నుంచి విప్పి, బల్ల మీద నా వైపు జరిపాడు. జరిపిన చెయ్యి వెనక్కి తీస్తూ, "మరి రేపటికి నాకు ఇది గుర్తుండదుగా" అన్నాడు. ఉండదన్నాను. "అయితే పెన్నియ్యి."

అట్ట లోపలి వైపు తన చేతిరాతతో రాశాడు: కొత్త మనుషులు తమ్ముడి వంతు. పాత మనుషులు నా వంతు, వాడు పక్కనుంటేనే. మనిషి గురించి ఏదైనా అడిగేముందు ఈ పుస్తకం చూడాలి. తాళం తమ్ముడి దగ్గర ఉంటుంది. కింద సంతకం పెట్టి, సంతకం కింద గీత గీశాడు.

సత్తెనపల్లి ఆవిడ ఇంటికి నేనే వెళ్లి సంగతి చెప్పాను. రెండు నేతచీరలు తీసుకెళ్లాను. ఆవిడ అంతా విని, "ఆయన్ని రోజూ తల్చుకునేవాడు ఒకడున్నాడన్నమాట" అంది. చీరలకి డబ్బు ఇవ్వబోయింది. వద్దన్నాను. నా జన్మలో అది ఒక్కసారే, అందుకని రాస్తున్నాను.

సంతకం పెట్టిన మర్నాడు పొద్దున కొట్టు తెరవగానే అన్నయ్య చెయ్యి చాపాడు. "తాళమేదిరా?" పుస్తకం ఇచ్చాను. చదివాడు. సంతకం వెలుతురులో పెట్టి చూశాడు.

"రాత నాదే. కానీ నేనెప్పుడు ఒప్పుకున్నాను?"

"నిన్న."

"నిన్న నాకు ఒంట్లో బాగుండి ఉండదు. పది గంటల దాకా సీటు నాది."

"తొమ్మిదిన్నర."

"పది. పదయ్యాక నువ్వు కూర్చో. లేకపోతే ఈ కాగితం చెల్లదు."

పదికి ఒప్పుకున్నాను. పక్కనే నిలబడ్డాను. పదికి నేను చెప్తే అన్నయ్య లేచి, ఎందుకు లేచాడో పుస్తకంలో చూసుకుని, చీరల వైపు వెళ్లాడు.

ఆ తర్వాత ప్రతి పొద్దునా అదే బేరం. తాళమేది అంటాడు, రాత నాదే అంటాడు, పది అంటాడు. నేను తొమ్మిదిన్నర అంటాను. ఎదుటివాడు ఏ మాట తర్వాత ఏ మాట అంటాడో పూర్తిగా తెలిసిన బేరం నా జీవితంలో అదొక్కటే. ఒక్కరోజు కూడా గెలవలేదు.